డెల్టా బ్రాంచిల్లో పుట్టిన ఆలోచనలకు జవాబివ్వండి: బ్యాంకు యాజమాన్యాలకు బహిరంగ లేఖ

ప్రభుత్వ రంగ బ్యాంకుల, గ్రామీణ బ్యాంకు యాజమాన్యాలకు,
కేంద్ర ఆర్థిక సేవల విభాగం అధికారులకు,
రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ సభ్యులకు,

నమస్కారం.

నేను గోదావరి డెల్టాలో, అంటే కోనసీమలోనూ, భీమవరం, నరసాపురం వైపూ బ్రాంచిల్లో పనిచేశాను. క్లర్కుగా చేరి, ఫీల్డ్ ఆఫీసరునై, మేనేజరుగా రిటైరయ్యాను. ఈ లేఖలోని విషయాలు మీకు కొత్త కావు. నేను సర్వీసులో ఉండగానే వీటన్నిటినీ రాతపూర్వకంగా పైకి పంపాం. బ్యాంకు సొంత సజెషన్ పోర్టల్‌లో పెట్టాం, రీజినల్ ఆఫీసుకు లెటర్లు రాశాం, రివ్యూ మీటింగుల్లో లేచి చెప్పాం. పోర్టల్ నుంచి రిఫరెన్స్ నంబర్లు వచ్చాయి. ఆ తర్వాత అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్క రాలేదు. సర్వీసులో ఉన్నవాళ్లు బయటికి రాయాలంటే కండక్ట్ రూల్స్ అడ్డం. అందుకే వాళ్ల తరఫున నేను రాస్తున్నాను. బ్యాంకు పేరు చెప్పను. ట్రైనింగుల్లో కలిసిన వేరే బ్యాంకుల వాళ్లూ ఇదే గోడు చెప్పుకునేవారు కాబట్టి ఒక్కదాన్నే వేలెత్తి చూపడం న్యాయం కాదు.

ఇన్నోవేషన్ మీద మీకు శ్రద్ధ ఉందని తెలుసు. హ్యాకథాన్లు పెడుతున్నారు, ఫిన్‌టెక్ కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంటున్నారు, విద్యార్థులను పిలిచి బహుమతులు ఇస్తున్నారు. మంచిదే. కానీ కౌంటరులో కూర్చుని రోజూ జనం ముఖం చూసే ఉద్యోగికి ఒక ఉపాయం తడితే అది ఎక్కడికి పోతోంది? అలా ఎటూ కాకుండా పోయిన నాలుగింటిని, వాటివల్ల ఎవరికి ఏం నష్టం జరిగిందో, కింద వివరంగా రాస్తున్నాను.

1. ధాన్యం డబ్బుకూ లోను గడువుకూ మధ్య నలిగే రైతు.

దాళ్వా (రబీ) ధాన్యం ఏప్రిల్, మే నెలల్లో కొనుగోలు కేంద్రానికి చేరుతుంది. మిల్లుకు తోలాక రైతు పేరున ఎఫ్‌టీఓ (ఫండ్ ట్రాన్స్‌ఫర్ ఆర్డర్) వస్తుంది. అంటే ఫలానా రైతుకు ఇంత సొమ్ము చెల్లించాలని ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కినట్టు. డబ్బు ఖాతాలో పడటం మాత్రం నిధులు విడుదలయ్యాకే. ఒక్కో సీజన్లో రోజుల్లో పడుతుంది, ఒక్కో సీజన్లో వారాలూ నెలలూ పడుతుంది. ఈలోగా కిసాన్ క్రెడిట్ కార్డు లోను గడువు ముంచుకొస్తుంది. 7 శాతం వడ్డీ మీద సకాలంలో కట్టినవారికి 3 శాతం తగ్గుతుంది. గడువు దాటితే ఆ తగ్గింపు పోతుంది. లక్ష రూపాయల మీద ఏడాదికి 3,000. చిన్న రైతుకు అది చిన్న సొమ్ము కాదు.

అందుకని రైతు ఏం చేస్తాడో డెల్టాలో ఏ బ్రాంచి మేనేజరును అడిగినా చెబుతాడు. రెండు మూడు రోజుల కోసం లక్షకు ఇంత వడ్డీ అని తీసుకునే ప్రైవేటు వాళ్ల దగ్గర డబ్బు తెచ్చి, మన కౌంటరులో కట్టి, లోను రెన్యువల్ చేయించుకుని, మళ్లీ ఆ డబ్బు వాళ్ల చేతిలోనే పెడతాడు. ఆ ఇచ్చేవాళ్లు రెన్యువల్ రోజుల్లో బ్రాంచి మెట్ల మీదే కూర్చుంటారు. ప్రభుత్వం తనకు బాకీ ఉన్న రైతు, ఆ బాకీ రాక వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళుతున్నాడు. అదీ మన బ్యాంకు గడప మీదే.

మా బ్రాంచికి బిహార్ నుంచి ఒక కుర్రాడు ఆఫీసరుగా వచ్చాడు. వచ్చిన మూడు నెలలకే "ఎఫ్‌టీఓ పడిందా అండి?" అని తెలుగులో అడగడం నేర్చుకున్నాడు. ఒక నోటు పుస్తకంలో గీతలు కొట్టుకుని రైతు పేరు, ఎఫ్‌టీఓ తేదీ, మొత్తం, లోను గడువు, డబ్బు పడిన తేదీ రాసుకుంటూ పోయాడు. సీజన్ అయ్యాక ఒక ప్రతిపాదన రాశాడు. ఎఫ్‌టీఓ చేతిలో ఉన్న రైతుకు ఆ సొమ్ములో కొంత భాగం మేరకు కొద్ది వారాల ఓవర్‌డ్రాఫ్ట్ ఇద్దాం, దానితో లోను గడువులోగా జమ అవుతుంది, ధాన్యం డబ్బు పడగానే ఓవర్‌డ్రాఫ్ట్ దానంతట అదే తీరిపోతుంది అని. పాత బాకీని కొత్త బాకీతో కప్పిపెట్టడమే కదా ఇది అని ఆడిట్ వాళ్లు అడగొచ్చు. అడగాలి కూడా. ఆ ప్రశ్నకు కూడా అతనే జవాబు రాశాడు: ప్రభుత్వం నుంచి రావలసిన సొమ్ముకు రుజువు ఉన్నచోటే, ఆ రుజువు దాటకుండా, ఒక్క బ్రాంచిలో ఒక్క సీజన్ చేసి చూద్దామని. మీరు కాదంటే, ఎందుకు కాదో తెలిసేది. జవాబే రాలేదు. అతనికి వేరే రాష్ట్రానికి బదిలీ అయింది, నోటు పుస్తకం బ్రాంచి బీరువాలో ఉండిపోయింది.

2. సాగు చేసేది ఒకరు, లోను ఇంకొకరికి.

డెల్టాలో వరి పండించేవారిలో ఎక్కువమంది కౌలు రైతులని మీ జిల్లా నివేదికలు చూసేవారికి నేను చెప్పక్కర్లేదు. 2019లో రాష్ట్రం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. 11 నెలల ఒప్పందం మీద కౌలు రైతుకు కార్డు ఇస్తారు. కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. పొలం చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టరు. పెట్టినా, అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే మన సిస్టం రెండో లోను తీసుకోదు. దాంతో కౌలు రైతు ఎరువుల కొట్టులో అప్పు పెట్టుకుంటాడు, పంట వచ్చాక అప్పిచ్చినవాడు చెప్పిన ధరకే ధాన్యం తోలతాడు. గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. ఆ రోజుల్ని బ్రాంచిల్లో కూర్చుని చూసినవాళ్లం మేము.

రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణాలకు తాకట్టు అక్కర్లేదంది. అంతకు ముందు ఆ పరిమితి 1.6 లక్షలు. భూమి తాకట్టే అక్కర్లేనప్పుడు, భూమి ఎవరిదన్న ప్రశ్న దగ్గరే కౌలు రైతు దరఖాస్తు ఎందుకు ఆగిపోతోంది?

దీనికి ఫీల్డ్ ఆఫీసర్లు కొందరం కలిసి ఒక దారి రాశాం. ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో సాగుదారు పేరు నమోదవుతుంది. ధాన్యం అమ్మిన రసీదూ, ఖాతాలో పడిన డబ్బూ సాగుదారు పేరునే ఉంటే, మూడు నాలుగు సీజన్లకు అదే అతని చరిత్ర. ఎంత పండించాడు, ఎంతకు అమ్మాడు, డబ్బు ఎప్పుడు వచ్చింది అన్నీ అందులో ఉంటాయి. దాన్ని బట్టి లోను మొత్తం నిర్ణయించి, యజమాని సంతకంతో పని లేకుండా, కొద్దిమంది కౌలు రైతులతో మొదలుపెడదామన్నాం. ఐదుగురేసి జట్లుగా ఒకరికొకరు పూచీ ఉండే పద్ధతి నాబార్డు జాయింట్ లయబిలిటీ గ్రూపుల్లో ముందునుంచీ ఉన్నదే. దానికి ఈ కాగితాలను జత చేయమన్నాం, అంతే.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి కూడా చెప్పాలి. రిజర్వ్ బ్యాంక్ ఇన్నోవేషన్ హబ్ ఆధ్వర్యంలో 2023 ఆగస్టులో డిజిటల్ కిసాన్ క్రెడిట్ కార్డు వంటి రుణాలతో ఒక టెక్నాలజీ వేదిక పైలట్‌గా మొదలైంది. ఇప్పుడు దాన్ని యూఎల్ఐ (యూనిఫైడ్ లెండింగ్ ఇంటర్‌ఫేస్) అంటున్నాం. భూమి రికార్డులు ఆన్‌లైన్‌లోనే చూసి త్వరగా లోను ఇచ్చే ఏర్పాటు అది. మంచి పనే. కానీ డెల్టాలో భూమి రికార్డులో ఉండేది యజమాని పేరు. సాగుదారు రికార్డును దానికి జత చేయకపోతే, హైదరాబాదులో ఉంటూ పొలం గట్టు చూడని మనిషికి లోను ఇంకా వేగంగా వెళుతుంది, బురదలో దిగేవాడు ఇంకా వెనకబడతాడు. ఈ మాట ముంబైలో, బెంగళూరులో ప్రోగ్రాం రాసేవాళ్లకు తట్టకపోవచ్చు. రావులపాలెంలో ఫీల్డ్ ఆఫీసరుకు తప్పకుండా తడుతుంది. అతన్ని అడిగారా?

3. వేలిముద్ర పడని ఆడవాళ్లు.

రొయ్యల ప్లాంట్లలో తల తీసి పొట్టు ఒలిచే పని దాదాపుగా ఆడవాళ్లదే. పొద్దుణ్ణుంచీ ఐసు నీళ్లలో చేతులు పెట్టి ఒలుస్తారు. వేళ్ల చివర్లు నానిపోయి, కోసుకుపోయి, గీతలు అరిగిపోతాయి. కొబ్బరి పీచు పని చేసేవాళ్లదీ అదే పరిస్థితి. కూలి డబ్బు ఖాతాలో ఉంటుంది. ఊళ్లోనే తీసుకోవాలంటే ఆధార్ వేలిముద్ర పడాలి.

ఒక రోజు మా బ్యాంకు మిత్ర (ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే ఏజెంటు) దగ్గర చూశాను. ఒకావిడ బొటనవేలు పెట్టింది. మెషీన్ ఒప్పుకోలేదు. చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. చూపుడు వేలు, మధ్య వేలు, ఎడమ చెయ్యి. బ్యాంకు మిత్ర తడిగుడ్డతో అద్దం తుడిచాడు. పదో వేలు కూడా అయ్యాక, "వేళ్లు అరిగిపోయాయండి బాబూ, నేనేం చెయ్యను" అంది, వెనక లైన్లో ఉన్నవాళ్లందరికీ వినపడేలా. తన ఖాతాలో తన డబ్బు ఉండి, తాను తానేనని రుజువు చేసుకోలేక వెళ్లిపోయింది. బ్రాంచికి రావాలంటే మర్నాడు పని మానుకోవాలి. అంటే ఆ రోజు కూలి పోయినట్టే.

మా క్లర్కు ఒకావిడ దీనికి ఉపాయం రాసింది. కంటిపాపతో, ముఖంతో గుర్తించే పద్ధతులు ఆధార్‌లో ఉన్నాయి. అలాంటి పరికరం ఒక్కటి ఇవ్వండి, జీతాలు పడే రోజు సాయంత్రం ప్లాంటు షిఫ్టు దిగే వేళకు గేటు దగ్గర ఒక బల్ల వేసుకుని నేనే కూర్చుంటాను అంది. అదనపు పనికి డబ్బు కూడా అడగలేదు. ఒక పరికరం, ఒక అనుమతి అడిగింది. రెండూ రాలేదు.

4. గోడ మీంచి పీకేసిన తెలుగు కాగితం.

డిజిటల్ అరెస్ట్ పేరుతో ముసలివాళ్లను ఫోన్లో బెదిరించి డబ్బు దోచేవాళ్ల సంగతి మీకు తెలుసు. పెన్షన్ తీసుకునే ఒక పెద్దాయన ఒణుకుతూ వచ్చి డిపాజిట్ బ్రేక్ చేయమంటే, మా కౌంటరు కుర్రాడు ఆయన్ని కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగి, ఆ డబ్బు పోకుండా ఆపాడు. తర్వాత అర పేజీ కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అంటించాడు: "పోలీసులు ఫోన్లో అరెస్టు చెయ్యరు. ఎవరైనా బెదిరించి డబ్బు పంపమంటే ముందు మాకు చెప్పండి." ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు దాన్ని తీయించారు. అనుమతి లేని మెటీరియల్ అన్నారు. దాని స్థానంలో వచ్చిన పోస్టరు ఇంగ్లీషులో, హిందీలో ఉంది. ఖాతాదారులకు ఇచ్చే సమాచారం ప్రాంతీయ భాషలో కూడా ఉండాలన్నది రిజర్వ్ బ్యాంకు ఆదేశమే.

5. ఉద్యోగులు ఎందుకు నోరు మెదపరు.

పై నాలుగూ తెలివైనవాళ్లు రాసినవి. అలాంటివాళ్లు ప్రతి బ్రాంచిలో ఉన్నారు. రెండోసారి రాసేవాళ్లే లేరు. మొదటి కారణం టార్గెట్లు. సాయంత్రం ఫోను వచ్చిందంటే ఎన్ని బీమా పాలసీలు చేశావనే ప్రశ్నే. లోను కోసం వచ్చిన రైతుకు పాలసీ అంటగట్టిన రోజు మెచ్చుకోలు, అతని కష్టానికి దారి వెతికిన రోజు చీవాట్లు. ఇలా తప్పుగా అంటగట్టడం వల్ల అప్పు తీసుకునేవారి ఖర్చు పరోక్షంగా పెరుగుతుందని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2024 నవంబరులో ముంబైలో జరిగిన బ్యాంకింగ్ సదస్సులోనే హెచ్చరించారు. ఆ మాట డెల్టా బ్రాంచిల దాకా దిగలేదు.

రెండోది భయం. కొత్త పద్ధతిలో ఇచ్చిన లోను ఒక్కటి మొండిబాకీ అయితే ఛార్జిషీటు వస్తుందేమో, ప్రమోషన్ ఆగుతుందేమో, రిటైరయ్యే ముందు విజిలెన్స్ కేసు తగులుతుందేమో అన్న టెన్షన్. 50 కోట్ల లోపు మొండిబాకీల విషయంలో మంచి ఉద్దేశంతో తీసుకున్న నిర్ణయాలను కాపాడాలని ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది, 2022 ఏప్రిల్ నుంచి అమలన్నారు. వాటిని మేనేజర్లకు ఎవరూ కూర్చోబెట్టి వివరించలేదు. తనకు ఏ రక్షణ ఉందో తెలియని మనిషి ఎప్పుడూ పాత దారే తొక్కుతాడు.

మూడోది దూరం. మన గుండుగొలనులో పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒక్కటయ్యాయి. విలీనాల మంచిచెడ్డలు ఈ లేఖలో నా విషయం కాదు. నిర్ణయం తీసుకునే టేబులు దూరం జరిగిన కొద్దీ కింది మాట పైకి చేరే దారి వెడల్పు చేయాలి. ఆ పని ఎవరూ చేయలేదు.

చిన్నగా ప్రయత్నించి చూస్తే ఏమవుతుందో మీ సొంత చరిత్రలోనే ఉంది. 1992లో నాబార్డు 500 సంఘాలతో పైలట్‌గా స్వయం సహాయక సంఘాలకు బ్యాంకు లోన్లు మొదలుపెట్టింది. రిజిస్ట్రేషన్ లేని, తాకట్టు లేని ఆడవాళ్ల సంఘానికి లోనా అని అప్పట్లో ఎంతమంది అనుమానించారో ఆనాటి ఉద్యోగులకు గుర్తే. ఇవాళ డెల్టాలో డ్వాక్రా సంఘం లేని ఊరుందా? అలాగే 2019లో రిజర్వ్ బ్యాంకు ఫిన్‌టెక్ కంపెనీల కోసం రెగ్యులేటరీ శాండ్‌బాక్స్ తెచ్చింది. కొన్ని నిబంధనలు సడలించి, కొద్దిమంది ఖాతాదారులతో, నిర్ణీత కాలం కొత్త పద్ధతిని పరీక్షించుకోవచ్చు. బయటి కంపెనీకి ఇచ్చిన ఆ వెసులుబాటు, ముప్పై ఏళ్లు మీ దగ్గరే పనిచేసిన ఉద్యోగికి ఎందుకు ఇవ్వరు?

మా డిమాండ్లు ఇవి:

1. ఉద్యోగి రాతపూర్వకంగా పంపిన ప్రతి సూచనకూ 30 రోజుల్లో సంతకంతో కూడిన జవాబు ఇవ్వాలి. కాదంటే కారణం రాయాలి. ఈ ఒక్కటి చేసినా సగం బాధ తీరుతుంది.

2. ప్రతి రీజియన్‌లో ఒకటి రెండు బ్రాంచిలను ప్రయోగ బ్రాంచిలుగా ప్రకటించండి. మొత్తానికి పరిమితి, కాలానికి పరిమితి, ఖాతాదారుడి లిఖిత అంగీకారం పెట్టండి. ఆ హద్దుల్లో నష్టం వస్తే అది బ్యాంకు ప్రయోగ ఖర్చుగా రాసుకోవాలి, ఉద్యోగి సర్వీసు రికార్డులో కాదు. మోసం ఉంటే శిక్షించండి. దానికి మేం అడ్డు చెప్పం.

3. 2021 నాటి స్టాఫ్ అకౌంటబిలిటీ మార్గదర్శకాలను తెలుగులోకి తెచ్చి ప్రతి బ్రాంచికీ పంపండి, మేనేజర్లకు శిక్షణ ఇవ్వండి.

4. పనితీరు మార్కుల్లో బీమా అమ్మకాల వాటా తగ్గించి, స్థానిక సమస్యకు పరిష్కారం చూపినవారికి మార్కులు కేటాయించండి. ఆ పద్ధతి వేరే బ్రాంచిల్లోకి వెళితే, సర్క్యులర్ మీద దాన్ని కనిపెట్టిన ఉద్యోగి పేరు ఉండాలి, అతను క్లర్కు అయినా సరే, అటెండరు అయినా సరే.

5. ప్రయోగం నడుస్తుండగా దాన్ని మొదలుపెట్టినవారిని బదిలీ చేయకండి. వేరే రాష్ట్రాల నుంచి వచ్చే ఆఫీసర్లకు చేరిన మొదటి నెలల్లో డ్యూటీ టైంలోనే తెలుగు నేర్పించండి. నేర్చుకోవాలన్న కోరిక వాళ్లకు ఉంది, తీరిక మీరు ఇవ్వాలి.

6. 1970 నాటి బ్యాంకుల జాతీయీకరణ చట్టం ప్రకారం బోర్డులో ఉద్యోగుల తరఫున ఒక డైరెక్టరు, అధికారుల తరఫున ఒక డైరెక్టరు ఉండాలి. ఆ కుర్చీలు నింపమని సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. ఆర్థిక సేవల విభాగం వెంటనే నింపాలి.

7. పైన రాసిన నాలుగు ప్రతిపాదనలనూ రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ వచ్చే సమావేశం అజెండాలో చేర్చాలి. ఎఫ్‌టీఓ ఓవర్‌డ్రాఫ్ట్, కౌలు రైతు లోను ఈ రెండింటినీ వచ్చే సార్వా (ఖరీఫ్) రుణాల పంపిణీ మొదలయ్యేలోగా కోనసీమలో ఒక బ్రాంచిలో, పశ్చిమ గోదావరిలో ఒక బ్రాంచిలో ప్రారంభించాలి.

పూర్తి ప్రతిపాదనలు, లెక్కల పట్టికలు మళ్లీ పంపడానికి సిద్ధంగా ఉన్నాం. పిలిస్తే వచ్చి మాట్లాడతాం. సార్వా లోన్లు మొదలయ్యేలోగా జవాబు రాకపోతే కలెక్టర్లు అధ్యక్షత వహించే జిల్లా బ్యాంకర్ల సమావేశాల్లో ఈ ప్రతిపాదనలు పెట్టమని వినతిపత్రాలు ఇస్తాం, పోర్టల్‌లోని మా రిఫరెన్స్ నంబర్లకు ఏమైందో సమాచార హక్కు చట్టం కింద ఒక్కొక్కటీ అడుగుతాం.

భవదీయ,
విశ్రాంత బ్రాంచి మేనేజరు, అమలాపురం
(డెల్టా బ్రాంచిల్లో పనిచేసిన, పనిచేస్తున్న సహోద్యోగుల తరఫున)